వ్యాసం తీసేసి డిజిటల్ కథ పెట్టాలా? రచన కోర్సు మీద గొడవ

తెల్లకాగితం:
మా డిపార్ట్‌మెంట్‌లో వచ్చే సెమిస్టర్ నుంచి రచన కోర్సులో పెద్ద వ్యాసం తీసేసి, దాని బదులు మూడు నిమిషాల డిజిటల్ కథ పెడదామంటున్నారు. విద్యార్థి తన అనుభవం ఒకటి రాసుకుని, తన గొంతుతోనే చదివి, ఫొటోలు జత చేసి చిన్న వీడియో చేయాలన్నమాట. నేను వద్దన్నాను. పోయినేడాది ఒక సెక్షన్‌లో చేసి చూశాం, పన్నెండు గంటల క్లాసుల్లో ఎనిమిది ఎడిటింగ్‌కే పోయాయి. మ్యూజిక్, ఎగిరే అక్షరాలు, "మేడమ్, ఎక్స్‌పోర్ట్ అవట్లేదు"... వాక్యం గురించి ఒక్కరు అడిగితే ఒట్టు. డిగ్రీ అయ్యేసరికి ఒక వాదన పెట్టి, ఆధారం చూపించి, ఎదుటివాళ్ల అభ్యంతరానికి జవాబు రాయగలగాలి కదా. మూడు నిమిషాల వీడియోలో అది ఎక్కడ వస్తుంది?

మూడోబెంచి:
ఎనిమిది గంటలు ఎడిటింగ్‌కి పోయాయంటే తప్పు ప్లాన్‌దండీ, టూల్‌ని ఎందుకు అనడం. 1990ల్లో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, డేనా ఆచ్లీ వాళ్లు దీన్ని మొదలుపెట్టినప్పుడు అసలు పని స్టోరీ సర్కిల్‌లోనే జరిగేది. అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరి కథ వాళ్లు వినిపిస్తారు, మిగతావాళ్లు విని మాట్లాడతారు, కంప్యూటర్ సంగతి ఆ తర్వాత. స్క్రిప్టు రెండు మూడు వందల మాటలు దాటకూడదు, కిటుకంతా అక్కడే ఉంది. నా క్లాసులో ఒకమ్మాయి 700 మాటలు రాసుకొచ్చింది. 260కి దించేసరికి "మానవ జీవితంలో కుటుంబం ఎంతో ముఖ్యమైనది" అనే మొదటి పేరా మొత్తం ఎగిరిపోయింది, నేను చెప్పకుండానే. రికార్డు చేస్తుంటే నాలుక మడతపడిన చోటల్లా వాక్యం తనే మార్చుకుంది. అంతకుముందు ఎర్రసిరాతో ఎన్నిసార్లు గీశానో!

తెల్లకాగితం:
కుదించడానికీ పైకి చదివించడానికీ వీడియో దేనికి? కాగితం, గడియారం చాలు.

మూడోబెంచి:
చాలవు. "తాతయ్య నీలం చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు" అని ఒకబ్బాయి రాశాడు. అదే ఫొటో తెర మీద పెట్టగానే ఆ వాక్యం దండగైపోయింది, కనిపిస్తూనే ఉంది కాబట్టి. రెండు రోజులు తంటాలు పడి "ఆ చొక్కా ఆయనది కాదు" అని రాసుకొచ్చాడు. పాఠకుడికి ముందే తెలిసింది ఏంటి, నేను చెప్పాల్సింది ఏంటి అన్న తేడా ఉత్త కాగితం మీద నేను ఎప్పుడూ ఇంత బాగా నేర్పలేకపోయాను.

కోడ్‌కూలీ:
వీడియో ఒక్కటే ఉన్నట్టు మాట్లాడుతున్నారు. ట్వైన్ అనే కథలు రాసే టూల్ చూడండి, క్రిస్ క్లిమాస్ 2009లో తెచ్చాడు, ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. పాఠకుడు నొక్కిన లింకును బట్టి కథ దారి మారుతుంది. అందులో వాదన కూడా రాయించొచ్చు. "నేను ఒప్పుకోను" అని ఒక లింకు పెట్టమంటే, అది నొక్కితే తెరుచుకోవాల్సిన పెట్టె ఖాళీగా ఉందని, అంటే ఆ అభ్యంతరానికి జవాబు రాయలేదని, రాసినవాడికే కనిపిస్తుంది. ఇంకోటి, ఏ టూల్ అయినా స్క్రిప్టు మాత్రం మామూలు టెక్స్ట్ ఫైల్‌లో దాచమనండి. టూల్స్ ఎప్పటికీ ఉండవు: సోషల్ మీడియా పోస్టులు ఏరి కథగా కూర్చే స్టోరిఫై 2018లో మూతపడింది, బ్రౌజర్‌లో యానిమేషన్లు నడిపే ఫ్లాష్ 2020తో సరి.

చివరివరస:
నేను స్టూడెంట్‌ని. మా బ్యాచ్‌లో మంచి ఫోన్, మంచి మైక్ ఉన్నవాళ్లకే మార్కులు పడ్డాయి. అంతకంటే పెద్ద టెన్షన్, "సొంత అనుభవం" అంటే ఏడిపించేదే అయ్యుండాలని అందరూ ఫిక్సయిపోవడం. ఇంట్లో చావు గురించి చెప్పినవాళ్లకి చప్పట్లు, నేను సైకిల్ నేర్చుకోవడం గురించి చెబితే "లోతు లేదు" అన్నారు. నాకూ ఒక కష్టం ఉంది, కానీ అది నలభై మంది ముందు ప్లే చేయాలని లేదు.

మూడోబెంచి:
దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మార్కులు డ్రాఫ్టులకే వేస్తాను, వీడియోకి పది శాతమే, క్లాసులో చూపించాలా వద్దా అన్నది వాళ్లిష్టం. అయినా ఏడిపించిన స్క్రిప్టు చేతికొస్తే రెండు మార్కులు ఎక్కువ పడిపోతాయి, అబద్ధం ఎందుకు.

తెల్లకాగితం:
చొక్కా సంగతి బాగుంది, రేపు క్లాసులో వాడుకుంటాను, ఏమనుకోకండి. వ్యాసం తీసేయడానికి మాత్రం ఒప్పుకోను. ముందు చిన్న కథ, తర్వాత అదే విషయం మీద ఆధారాలతో వ్యాసం పెట్టమని మీటింగ్‌లో అడుగుతా.

చివరివరస:
అంటే ఇప్పుడు రెండూ రాయాలా మేడమ్? అనవసరంగా నోరు తెరిచాను.