సంస్థల అంతర్గత సోషల్ వేదికలు: అసలు పని వాట్సాప్‌లోనే ఎందుకు ఉండిపోతోంది?

ప్రశ్న: ఆటోనగర్ శిక్షణ విభాగం, విజయవాడ

అందరికీ నమస్కారం. లారీలు, బస్సులు అమ్మి వాటి సర్వీసు కూడా చూసే ఒక పెద్ద డీలర్ సంస్థలో శిక్షణ బాధ్యతలు చూస్తున్నాను. ప్రధాన కార్యాలయం విజయవాడలో ఉంది. గుంటూరు, ఒంగోలు, ఏలూరు, రాజమండ్రి మొదలుకొని చాలా ఊళ్లలో వర్క్‌షాపులున్నాయి. కొంతకాలం క్రితం మా యాజమాన్యం ఫేస్‌బుక్ తరహాలో పనిచేసే ఒక అంతర్గత వేదికను కొని ఉద్యోగులందరికీ లాగిన్‌లు ఇచ్చింది. అందులో ప్రొఫైళ్లు, విభాగాలవారీ గ్రూపులు, ప్రశ్నలు అడిగే చోటు, ఎవరైనా దిద్దగలిగే వికీ పేజీలు అన్నీ ఉన్నాయి. నేడు అక్కడ కనిపించేవి మాత్రం పుట్టినరోజు శుభాకాంక్షలు, పండుగ ఫొటోలు, ఎండీ గారి సందేశం కింద బారులు తీరిన చప్పట్ల బొమ్మలు. అసలు పని యథాప్రకారం వాట్సాప్ గ్రూపుల్లోనే సాగిపోతోంది.

దీనివల్ల కలిగే నష్టానికి ఒక ఉదాహరణ. కొన్ని బీఎస్-6 (కొత్త కాలుష్య నియమాల ప్రకారం తయారైన) లారీలు చెక్ లైటు వెలిగి, పికప్ పడిపోయి మా దగ్గరకు వచ్చేవి. బండిలోని లోపాన్ని కోడ్ నంబరుగా చూపే స్కానర్ పెడితే, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్ కోడ్ చూపేది. విజయవాడలో సెన్సర్ మార్చి పంపించేవారు. కొన్నాళ్లకు అదే బండి అదే ఫిర్యాదుతో తిరిగి వచ్చేది. గుంటూరు వర్క్‌షాపులో ఒక మెకానిక్ మాత్రం, బాడీ కట్టేటప్పుడు వైరింగును పక్కకు జరిపి క్లాంపు బిగించిన చోట అది చాసిస్‌కు రాసుకుని లోపలి తీగ తెగుతోందని కనిపెట్టి, తీగ అతికి, పైన స్లీవు తొడిగి సరిచేస్తున్నాడు. ఆ సంగతిని తమ గ్రూపులో వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టాడు. గంట ప్రయాణమంత దూరంలో ఉన్న మాకు అది తెలియడానికి నెలలు పట్టింది, అదీ ఒక పెళ్లిలో ఇద్దరు మెకానిక్‌లు పక్కపక్కన భోజనానికి కూర్చోబట్టి. ఇలాంటి వేదికలు పెద్ద సంస్థల్లో పని తీరును నిజంగా మార్చిన సందర్భాలున్నాయా? ఉంటే మా దగ్గర లోపించినదేమిటి?

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఇదే పని చాలాకాలం చూసినవాడిగా రాస్తున్నాను. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని తయారుచేసింది ప్రోగ్రామర్లు తమ అనుభవాలను ఒకచోట రాసుకోవడానికే. 2006లో ఆండ్రూ మెకాఫీ అనే మేనేజ్‌మెంట్ పరిశోధకుడు ఈ తరహా సాధనాలు కంపెనీల లోపలికి రావడాన్ని ‘ఎంటర్‌ప్రైజ్ 2.0’ అని పిలిచారు. 2008లో మొదలైన యామర్ అనే కంపెనీల అంతర్గత సోషల్ వేదికను 2012లో మైక్రోసాఫ్ట్ 120 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ తరువాత స్లాక్, టీమ్స్ వంటి ఆఫీసు చాట్ సాధనాలు వచ్చాయి. పేర్లు మారుతున్నా మెకాఫీ అప్పట్లో చూపిన తేడా ఇప్పటికీ వర్తిస్తుంది. ఈమెయిలు, ఫోను ఆ సంభాషణలో ఉన్న కొద్దిమందికే పనికివస్తాయి, బయటివారికి అలాంటి సంభాషణ జరిగిందన్న సంగతే తెలియదు. వేదిక మీద రాసినదైతే, అది ఎవరిని ఉద్దేశించినదో వారికే కాక, రేపు ఎప్పుడో అవసరం పడే అపరిచితుడికి కూడా వెదికితే దొరుకుతుంది. ఈ లెక్కన వాట్సాప్ గ్రూపు మొదటి కోవలోనిదే. మీ గుంటూరు మెకానిక్ దాచిపెట్టలేదు, తనకు తెలిసినవారికి చెప్పాడు. అది విజయవాడలో ఎవరికి అవసరమో తెలుసుకునే దారి అతనికి లేదు.

మీ సమస్యకు అచ్చంగా సరిపోయే ఉదాహరణ 1980, 90లలో జిరాక్స్ సంస్థలో ఉంది. జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఫొటోకాపీ యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి, మాన్యువల్‌లో లేని మరమ్మతులను వాళ్లు తిండి దగ్గర, కాఫీ దగ్గర చెప్పుకునే కబుర్ల ద్వారానే నేర్చుకుంటున్నారని గమనించారు. మీ పెళ్లి భోజనాల కథ కూడా అదే కదా! ఆ కబుర్లను అందరికీ అందించడానికి ‘యురేకా’ అనే వ్యవస్థను కట్టారు, మొదట ఫ్రాన్సులో నడిపి చూశారు. టెక్నీషియన్ పంపిన చిట్కాను అనుభవజ్ఞులైన తోటి టెక్నీషియన్లు పరిశీలించి ఆమోదించాకే అది అందరికీ కనిపించేది, రాసినవారి పేరు దాని మీదే ఉండేది. డబ్బు బహుమతి కన్నా ఆ పేరే తమకు ముఖ్యమని వాళ్లు భావించారు. ఇదంతా లైకులు, ప్రొఫైళ్లు పుట్టకముందు మాట. కాబట్టి మీకు లోపించింది సాఫ్ట్‌వేర్ కాదు. మీ వేదిక మరమ్మతు జరిగే చోటుకు దూరంగా ఉంది. బండికి చేయాల్సిన పని రాసే జాబ్ కార్డు ఒకచోట, స్కానర్ మరోచోట, ఈ వేదిక ఇంకోచోట ఉంటే గ్రీజు చేతులతో ఎవరూ మూడో తలుపు తీయరు.

జవాబు: సర్వీస్ అడ్వైజర్, నల్లపాడు రోడ్డు

పైన బ్రాడీపేట గారు చెప్పినదాన్ని కాదనను, కానీ మన దగ్గర అసలు అడ్డంకి వేరు. ఆ వేదిక మీద సర్వీస్ మేనేజరు, ఏరియా మేనేజరు, ఎండీ అందరూ ఉంటారు. అక్కడ “ఈ కోడ్‌కు కారణమేమిటి?” అని అడిగిన మెకానిక్‌ను మరునాడు “నీకు ఆ మాత్రం తెలియదా?” అని నలుగురిలో అడిగితే, ఇక జన్మలో అడుగుతాడా? వాట్సాప్‌లో తన ఈడువాళ్ల మధ్య అడగడానికి సిగ్గుండదు. అదీగాక “మేం మార్చిన సెన్సర్లు అనవసరంగా మార్చాం” అని వర్క్‌షాపు బహిరంగంగా రాయడమంటే ఆ సెన్సర్ల కోసం తయారీ కంపెనీకి పెట్టిన వారంటీ క్లెయిముల మీద అనుమానాన్ని కొని తెచ్చుకోవడమే. విజయవాడ వాళ్లు మౌనంగా ఉండటానికి ఇది కూడా కారణమై ఉండవచ్చు.

భాష సంగతి కూడా ఆలోచించండి. మీ వేదిక ఇంగ్లిషు మెనూలతో ఉందనుకుంటాను. మా కుర్రాళ్లు మాట్లాడితే పది నిమిషాలు పూసగుచ్చినట్లు చెబుతారు, రాయమంటే “వైరింగ్ ప్రాబ్లం, క్లియర్” అని రెండు ముక్కలతో సరిపెడతారు. గుంటూరు మెకానిక్ వాయిస్ మెసేజ్ ఎంచుకున్నది అందుకే. చెప్పనివ్వండి; దాన్ని విని తెలుగులో రాసిపెట్టే మనిషిని మీ శిక్షణ విభాగం నుంచి ఒకరిని పెట్టండి. పేరు మాత్రం చెప్పినవాడిదే ఉండాలి, రాసినవాడిది కాదు.

జవాబు: బ్యాంకు ఐటీ, గవర్నరుపేట

రికార్డుల వైపు నుంచి ఒక మాట. వ్యక్తిగత ఫోన్లలో పని నడిస్తే చిక్కు సమాచారం చేరకపోవడంతో ఆగదు. ఆ మెకానిక్ రేపు ఉద్యోగం మారితే అతని ఫోనుతో పాటు అతను చెప్పినవీ వెళ్లిపోతాయి, గ్రూపులో తరువాత చేరినవారికి పాత సంభాషణ మామూలుగా కనిపించదు. ఆర్థిక రంగంలోనైతే దీనికి జరిమానాలు కూడా పడ్డాయి: ఉద్యోగులు సొంత ఫోన్లలో వాట్సాప్ ద్వారా, మామూలు మెసేజీల ద్వారా జరిపిన వ్యాపార సంభాషణలను భద్రపరచలేదని 2021 డిసెంబరులో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ జేపీ మోర్గాన్ సెక్యూరిటీస్‌కు 12.5 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

అలాగని వేదికను గుడ్డిగా నమ్మకండి. ఫేస్‌బుక్ 2016లో తెచ్చిన ‘వర్క్‌ప్లేస్’ను పెద్ద పెద్ద సంస్థలు వాడాయి, మాతృసంస్థ మెటా 2024 మేలో దాన్ని మూసివేస్తున్నట్లు ప్రకటించింది. ఆ సంస్థలన్నీ తమ సమాచారాన్ని మూటగట్టుకుని మరోచోటు వెదుక్కోవలసి వచ్చింది. మీరు కొన్న వేదిక నుంచి వికీ పేజీలు, ఫొటోలు మామూలు ఫైళ్లుగా బయటికి తీసుకోవచ్చో లేదో ఒప్పందంలో ఇప్పుడే చూడండి. వాట్సాప్‌ను నిషేధిస్తూ సర్క్యులర్ ఇవ్వడం మాత్రం దండగ. అది మరింత రహస్య గ్రూపులకు దారితీస్తుంది.

ప్రశ్నించినవారి స్పందన: ఆటోనగర్ శిక్షణ విభాగం

ముగ్గురికీ కృతజ్ఞతలు. వారంటీ భయం గురించి మాలో ఎవరూ ఆలోచించలేదు. ఆ విషయం మా సర్వీస్ హెడ్ గారితో మాట్లాడక తప్పదు. ఒక సందేహం. వాయిస్ మెసేజ్‌లను విని రాసే మనిషి శిక్షణ విభాగంలో ఉంటే, మరమ్మతు సరైనదో కాదో తేల్చేది ఎవరు? మేనేజర్లకు అప్పగిస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

మేనేజర్లకు వద్దు. మీ వర్క్‌షాపుల్లో చేయి తిరిగిన పెద్ద మెకానిక్‌లు ఎవరో అందరికీ తెలిసే ఉంటుంది. ఇంజిన్‌కు ఒకరిని, ఎలక్ట్రికల్‌కు ఒకరిని, బ్రేకులకు ఒకరిని ఎంచి, వచ్చిన చిట్కాను మరో ఊళ్లో మరో బండి మీద ఒకసారి చేసి చూశాకే ఆమోదించమనండి. ఆ పరీక్షకు పట్టే సమయాన్ని వాళ్ల పనిగంటల్లోనే లెక్కించండి, లేకపోతే రెండో నెలకే ఆగిపోతుంది. పేజీకి శీర్షికగా స్కానర్ చూపే కోడ్ నంబరే పెట్టండి, ఎందుకంటే బండి ముందు నిలబడినవాడి చేతిలో ఉండేది అదొక్కటే. మొదటి పేజీగా ఆ నాక్స్ సెన్సర్ సంగతే రాయించి, క్లాంపు దగ్గర వైరింగు రాసుకుపోయిన చోటును దగ్గరగా తీసిన ఫొటో జతచేసి, ఏలూరు వర్క్‌షాపుకు పంపి చూడండి.