అప్‌డేట్: తెల్ల పింగాణీ యూరప్ కుటుంబం బొమ్మ ఎక్కడిదో తేలింది

లండన్‌లో పాత సామాన్ల సంతలో కొన్న తెల్ల పింగాణీ బొమ్మ గురించి ఇక్కడ అడిగాను కదా: బల్ల దగ్గర టోపీలతో కూర్చున్న యూరప్ దంపతులు, పక్కన పిల్లలు. పింగాణీకి పేరుపడ్డ జర్మనీ ఊరు మైసెన్‌దా, చైనాదా అన్నదే ప్రశ్న. పింగాణీ నిపుణురాలికి చూపించాను. చైనాదే! ఫుజియన్ ప్రావిన్స్‌లోని దెహువాలో, 18వ శతాబ్దం తొలినాళ్లలో ఎగుమతి కోసం చేసిందట.

బోర్లించి లోపల చూడమన్నవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. గుట్టంతా అక్కడే ఉంది. లోపల డొల్ల, గ్లేజు (గాజులాంటి నునుపు పూత) లేదు, మట్టిని అచ్చులోకి అదిమిన వేళ్ల గుర్తులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మూడు వందల ఏళ్ల కిందటి పనివాడి వేళ్లు! అల్ట్రావయొలెట్ లైటు సలహా కూడా పనికొచ్చింది. టోపీ అంచు ఈమధ్య అతికించిందని దానితోనే తెలిసింది.

అడుగున తయారీదారు ముద్ర లేదని చాలా చర్చించాం. అది లెక్కలోకి రాదు, ఇలాంటి ఎగుమతి బొమ్మలకు తరచు ముద్ర ఉండదు. ఇలాంటి బొమ్మలకు వాడే 'గవర్నర్ డఫ్' అన్న పేరూ అంతే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. బొమ్మలోని మగమనిషి డచ్ ఈస్టిండీస్ (ఇప్పటి ఇండోనేషియా) గవర్నర్ జనరల్ డీడెరిక్ డుర్వెన్ (1729–32) అని తర్వాతివాళ్లు అంటగట్టారు. ఇలాంటి బొమ్మలు అంతకు ముందే లండన్‌లో అమ్ముడయ్యాయి.

ఒకటి మాత్రం తప్పక చెప్పాలి. బట్టల మడతల్లోని ఎర్రటి మరకలు మురికి కాదు. బట్టీలో కాల్చాక పైన వేసిన రంగు, మళ్లీ కాల్చలేదు కాబట్టి కడిగితే పోతుంది. మీ దగ్గర ఇలాంటిదుంటే దయచేసి నీళ్లు తగలనివ్వకండి, మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.