పాపకు ‘అలమేలుమంగ’ అని పేరు పెట్టాలా, వద్దా?

కొర్లగుంట నాన్న:
మాకు ఈ మధ్యే పాప పుట్టింది. కృత్తిక ఒకటో పాదం, ‘అ’ అక్షరం వచ్చింది. మా అమ్మది ఒకటే మాట: “తిరుపతిలో పుట్టిన ఆడబిడ్డ, అక్షరం కూడా అమ్మవారిదే వచ్చింది, అలమేలుమంగ అని పెట్టండి.” నా భార్య ఒప్పుకోవడం లేదు. భక్తి లేక కాదు, శుక్రవారం వస్తే తిరుచానూరు పోకుండా ఉండదు. “రేపు స్కూల్లో, ఆఫీసులో పాప ఇబ్బంది పడుతుంది, ఆద్య అనో అన్విత అనో పెడదాం” అంటోంది. వచ్చే వారమే నామకరణం. ఇంట్లో రోజూ ఇదే గొడవ, టెన్షన్‌గా ఉంది. అసలు ఆ పేరుకు అర్థం ఏమిటి? తుమ్మెదల్లాంటి జడ ఉన్న అమ్మాయి అని ఒకరంటారు, పువ్వు అని ఇంకొకరంటారు. ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా?

పుత్తూరు తెలుగు టీచర్:
తుమ్మెదల సంగతి ‘అలివేణి’ది. అలి అంటే తుమ్మెద, వేణి అంటే జడ. అది సంస్కృతం. మన నోళ్లలో అలమేలు కాస్తా అలివేలు అయ్యాక రెండూ కలిసిపోయాయి. మీ అమ్మగారు చెప్పే పేరుకు మూలం తమిళ ‘అలర్‌మేల్ మంగై’. అలర్ అంటే విరిసిన పువ్వు, మేల్ అంటే పైన, మంగై అంటే పడుచు. తామర మీద కొలువైన తల్లి అన్నమాట.

ఇది నిన్నమొన్నటి పేరు కాదు. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు తమిళంలో రాసిన తిరువాయ్‌మొళిలో ఆయన తిరుమల స్వామిని శరణు వేడే పాశురం, అంటే పద్యం, ఒకటుంది. ‘క్షణమైనా విడిచి ఉండలేను’ అంటూ అలర్‌మేల్ మంగై నిలిచి ఉన్న వక్షం కలవాడా అని స్వామిని పిలుస్తాడు. అంటే మన అన్నమయ్య కన్నా కొన్ని వందల ఏళ్ల ముందే ఆ పేరు ఈ కొండతో ముడిపడింది. అలరు అన్నది తెలుగులోనూ పువ్వే. ‘అలరులు కురియగ’ అని అమ్మవారి నాట్యం మీద అన్నమయ్య కీర్తన మొదలవుతుంది కదా, అక్కడ కురిసేవి పువ్వులే. కాబట్టి అరవ పేరు మనకెందుకు అనేవాళ్ల మాట పట్టించుకోకండి.

ఎవరైనా పెడుతున్నారా అంటే, చాలా తక్కువ. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హాజరు పట్టీ తీస్తే పద్మావతి, మంగమ్మ, అలివేలు, రెడ్డెమ్మ తప్పకుండా కనిపించేవాళ్లు. ఇప్పుడు హన్విక, జశ్విక, సహస్ర. సహస్రకు అర్థముంది. మిగతా రెండింటికీ అర్థం ఏమిటని తల్లిదండ్రులను అడిగితే ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు.

చిత్తూరు–బెంగళూరు:
అన్నా, అర్థం గొప్పగా ఉంది, కాదనను. కానీ ఆ పేరు మోయాల్సింది పాప. నాదీ పొడుగాటి అమ్మవారి పేరే. ఆధార్‌లో ఒక రకం, పదో తరగతి మెమోలో ఇంకో రకం, పాన్ కార్డులో ఇంటిపేరు ముందుకొచ్చి అసలు పేరు సగం తెగిపోయింది. పాస్‌పోర్టుకు అప్లై చేసినప్పుడు ఆ పేర్లన్నీ ఒకరివేనని అఫిడవిట్ తెమ్మన్నారు. పేపర్లో ప్రకటన కూడా వేయించాను. ఆఫీసులో మొదటి రోజే మేనేజర్ నా పేరు పలకలేక నన్నడక్కుండానే రెండక్షరాలకు కుదించేశాడు. ఇప్పటికీ అక్కడ నేను ఆ రెండక్షరాలే. అమ్మవారి పేరు పెట్టి, చివరికి ఎవరూ పిలవకపోతే ఏం లాభం?

పేరు అలివేలే:
నా పేరే అలివేలు. ఊరు చంద్రగిరి దగ్గర పల్లె. ఆ పేరు మా అవ్వది. అత్త పేరు పలకకూడదని మా అమ్మ నన్ను ‘చిన్నమ్మీ’ అనే పిలిచేది. మా ఇళ్లలో అవ్వ పేరున్న పిల్లను ఆ పేరు పెట్టి తిట్టరు కూడా. బళ్లో ఏడిపించలేదా అంటే, ఏడిపించారు. ‘వేలు, వేలు’ అని చూపుడువేలు ఊపేవాళ్లు. పెద్ద తరగతులకు పోయేసరికి వాళ్లే మరిచిపోయారు. ఆద్యను మాత్రం ఏడిపించరా? ఏ పేరుకైనా ఏదో ఒకటి కనిపెట్టేవాళ్లే పిల్లలు.

కార్తీకంలో పంచమి తీర్థం రోజు తిరుచానూరు పద్మసరోవరంలో నడుం లోతు నీళ్లలో నిలబడతాం. గట్టు మీద జనం, మెట్ల మీద జనం. చక్రత్తాళ్వారుకు, అంటే స్వామి సుదర్శన చక్రానికి, స్నానం కాగానే చుట్టూ ఉన్నవాళ్లంతా ‘అమ్మా, అలివేలు మంగమ్మా’ అని ఒక్కసారిగా మునుగుతారు. ముక్కు పట్టుకుని మునిగే ముందు నా చెవిలో పడే ఆఖరి మాట నా పేరే. ఒళ్లంతా పులకరిస్తుంది. దస్త్రాల్లో తప్పులు ఎవరికి లేవు నాయనా? అవి దిద్దుకోవచ్చు. ఈ పేరు మాత్రం వదులుకోవద్దు.

నారాయణవనం:
నా మాట వింటే పద్మావతి అని పెట్టండి. ఆకాశరాజు పొలం దున్నిస్తుంటే తామరలో దొరికిన బిడ్డ కాబట్టి పద్మావతి. స్వామితో కల్యాణం జరిగింది మా ఊళ్లో. అలమేలుమంగ అంటే స్వామి వక్షం మీద ఉండే లక్ష్మి. ఇద్దరూ వేరు. బిడ్డకు ఎవరి పేరు పెడుతున్నామో తెలిసి పెట్టాలి.

పుత్తూరు తెలుగు టీచర్:
కథలు వేరన్నది నిజమే. మీరు చెప్పింది ఒకటి. స్వామి తపస్సు చేస్తే పద్మసరోవరంలో బంగారు తామర మీద లక్ష్మి అవతరించిందన్నది రెండోది. అయినా భక్తుల వాడుక ఎప్పుడూ ఈ రెంటినీ విడదీయలేదు. తిరుచానూరుకే అలమేలు మంగాపురం అని పేరు, గుళ్లో తల్లి పద్మావతి. ఆ వాడుకను మనం ఇప్పుడు కూర్చుని విడగొట్టడం నాకు సబబుగా లేదు.

చిత్తూరు–బెంగళూరు:
పద్మావతి అయితే పలకడానికి తేలికే. పైగా తిరుపతి ఊరంతా ఆ పేరే ఉంది. 1983లో వచ్చిన మహిళా యూనివర్సిటీ మొదలు సికింద్రాబాద్ నుంచి వచ్చే రైలు దాకా. కానీ ఆడపిల్లలకు పెట్టడం అదీ తగ్గింది. పద్మజ, సరోజ, జలజ, వనజ, నీరజ... తామర పేర్లన్నీ మా అత్తల తరంతోనే ఆగిపోయాయి.

కుప్పం:
మా వైపు సగం ఇళ్లలో తమిళం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటులోనే ఉండేది, పేర్లు అటూ ఇటూ నడిచాయి. తమిళంలో వట్టి ‘అలమేలు’ అనే పిలుస్తారు, చివర మంగై తగిలించరు. అర్థం సగంలో తెగిపోయిందని ఎవరూ అనుకోరు. ఒకటి మాత్రం నిజం, అక్కడ కూడా అది అవ్వల పేరే. చిన్నపిల్లలకు పెట్టడం అరుదు.

కొర్లగుంట అమ్మ:
నేను ఆ పాప తల్లిని. మా ఆయన ఇక్కడ రాశారని ఇప్పుడే చూశాను, అందుకే నేనూ రాస్తున్నా. పేరు పాతదని నాకు చిన్నచూపు లేదు. ఆఫీసు, స్కూలు అన్నవి పైకి చెప్పిన కారణాలు. అసలు బాధ వేరే. నేను ఇంకా మంచం మీద నుంచి లేవకముందే పంతులుగారికి ఫోన్ చేశారు, అక్షరం తెలుసుకున్నారు, పేరు అనుకున్నారు, బంధువులకు చెప్పేశారు. కన్నదాన్ని నన్ను ఒక్కరు కూడా అడగలేదు. నేను వద్దంటే ‘అమ్మవారి పేరు వద్దంటావా’ అంటున్నారు. ఆ మాటకు ఎవరైనా ఏం జవాబు చెప్పగలరు?

పేరు అలివేలే:
ఈ సంగతి ముందు తెలియక నేనూ మీ అత్తగారి పక్షమే మాట్లాడాను తల్లీ. నాయనా, ఇక్కడ మమ్మల్ని అడిగేముందు నీ భార్య పక్కన కూర్చుని అడగాల్సింది. నామకరణం రోజు బియ్యంలో ఉంగరంతో రాసేది నువ్వే కావచ్చు, కానీ ఏం రాయాలో నీ భార్య కూడా చెప్పాలి.

పుత్తూరు తెలుగు టీచర్:
అక్షరం గురించి కూడా ఒక మాట. అమ్మవారు అవతరించింది కార్తీక శుద్ధ పంచమి, ఉత్తరాషాఢ నక్షత్రంలో అంటారు. ఉత్తరాషాఢకు అక్షరాలు బే, బో, జా, జీ. ఆ లెక్కన చూస్తే అమ్మవారికే పద్మావతి అనీ కుదరదు, అలమేలుమంగ అనీ కుదరదు. అక్షరం కలిసొస్తే సంతోషం. దాన్ని చూపించి తల్లి నోరు మూయించకూడదు.

కొర్లగుంట నాన్న:
అందరూ చెప్పింది చదివాను. రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. అమ్మతో కూడా మాట్లాడాను.

కొర్లగుంట అమ్మ:
ఆయన అడిగిన తర్వాత నాకు కోపం లేదు. టీచర్ గారు చెప్పిన అర్థం, అలివేలమ్మ గారు చెప్పిన పంచమి తీర్థం చదివాక ఆ పేరు మీద ఇష్టం కూడా కలిగింది. మంగ లేకుండా ‘అలమేలు’ అని పెట్టుకోవాలని ఉంది. మా అత్తమ్మ ఇంట్లో మంగా అని పిలుచుకుంటానంది. బియ్యంలో చివరి అక్షరం నేను రాస్తానన్నాను, ఆయన సరేనన్నారు. సర్టిఫికెట్ గురించే భయం. హాస్పిటల్ వాళ్లు పేరు త్వరగా ఇమ్మంటున్నారు.

చిత్తూరు–బెంగళూరు:
పొడుగు పేర్ల మీద నా అభిప్రాయం మారలేదు, కానీ అలమేలు నాలుగక్షరాలే, ఫర్వాలేదు. తొందరపడకండి అక్కా. పేరు లేకుండానే జననం నమోదు చేయించొచ్చు. ఏడాది లోపు పేరు చేర్చుకుంటే ఫీజు ఉండదు. ఆ తర్వాత కూడా ఫీజు కట్టి పదిహేనేళ్ల దాకా చేర్చొచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగ్ మాత్రం ముందే ఇద్దరూ కూర్చుని ఖాయం చేసుకోండి. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరం చాలా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. జనన ధ్రువీకరణలో ఎలా పడిందో ఆధార్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే పడాలి. అచ్చయ్యేముందు స్క్రీన్ మీద చూపించమని అడిగి చదివి, ఆ తర్వాతే సరే అనండి.