ఏకశిల సామ్రాజ్యానికి ఒకే సైన్యమా, నాయంకరమా?

మట్టికోట

మనమంతా కలిసి రాసుకుంటున్న ఏకశిల సామ్రాజ్యం కథ మూడో భాగం దగ్గర ఆగింది. ఈ లొల్లి తేలితే గానీ ముందుకు పోదు. కొత్తవాళ్ల కోసం చెబుతున్నా: కథాకాలం 2900. రాజధాని గురుగ్రహం ఉపగ్రహమైన కాలిస్టో. సరిహద్దు నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటన్. మొదట్లోనే ఒప్పుకున్న నియమం ఒక్కటే, కాంతిని మించి ఏదీ పోదు, కబురు కూడా.

యుద్ధనౌకలన్నీ కాలిస్టోలో చక్రవర్తి చేతికింద ఉండాలా? లేక కాకతీయుల నాయంకరం పద్ధతిలో ఒక్కో లోకాన్ని ఒక్కో నాయకుడికి అప్పగించి, ఆ రాబడితో అతనే సైన్యాన్ని పోషించాలా?

నా ఓటు నాయంకరానికే. నాసా అంతరిక్ష నౌక వాయేజర్-2 గురుగ్రహాన్ని దాటింది 1979 జూలైలో, నెప్ట్యూన్‌ను దాటింది 1989 ఆగస్టులో. పదేళ్లు. మన నౌకలు దానికి పదింతల వేగంతో పోతాయనుకున్నా ఏడాది పడుతుంది. పైగా వాయేజర్ అక్కడ ఆగలేదు, పక్కనుంచి దూసుకుపోయింది. ఆగాలంటే అంత వేగాన్నీ మళ్లీ చంపుకోవాలి, దానికీ ఇంధనం మోసుకుపోవాలి. కబురు మాత్రం మూడున్నర నుంచి ఐదు గంటల్లో వచ్చేస్తుంది. అంటే ట్రైటన్ మీద పొద్దున దాడి జరిగితే చక్రవర్తికి మధ్యాహ్నం భోజనం వేళకు తెలుస్తుంది, సైన్యం మాత్రం వచ్చే బతుకమ్మకు చేరుతుంది. అక్కడివాడికే నౌకలు ఇవ్వకపోతే ట్రైటన్‌ను వదులుకున్నట్టే.

ఓరుగల్లు రాతికోటలో 77 బురుజులను 77 మంది నాయకులకు అప్పగించారని పాత కథనం. అది ఊరికే చేసిన పని కాదు కదా.

హన్మకొండ చౌరస్తా

అన్నా, కాకతీయుల ముచ్చట తెచ్చావు కాబట్టి అక్కడి నుంచే అడుగుతా. అసలు కాకతీయులు మొదట ఎవరు? కల్యాణి చాళుక్యుల సామంతులు. సరిహద్దు చూసుకోమని నమ్మి అప్పగిస్తే బలం పెంచుకున్నారు, పైన రాజు బలహీనపడగానే సొంత రాజ్యం పెట్టుకున్నారు. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనం రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాక వేయించిందే. మనం రోజూ బస్సులో దాటిపోయే గుడి అది. నాయకుడికి సైన్యం ఇస్తే ఏమవుతుందో దానికి మించిన సాక్ష్యం ఏం కావాలి?

తర్వాత వీళ్లకూ అదే జరిగింది. కాయస్థ అంబదేవుడు రుద్రమదేవి కిందివాడే, తిరగబడ్డాడు. ఆమె చనిపోయిన సంగతి చెప్పేది 1289 నాటి చందుపట్ల శాసనం, అంబదేవుడితో యుద్ధంలోనే పోయిందని చాలామంది చరిత్రకారుల మాట. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో కోట పడ్డాక ముసునూరి కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి గెలిచాడు, కాదనను. చివరికి ఆయన్ని చంపింది ఢిల్లీవాళ్లా? కాదు, రేచర్ల నాయకులు.

కాజీపేట జంక్షన్

చరిత్ర మీరు చూసుకోండి, నేను లెక్కల సంగతి చెబుతా. నిజానికి నాకు ఈ కథలో అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే, ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఏడాదిలో నెప్ట్యూన్ నుంచి గురుగ్రహానికి వచ్చే నౌక వేగం సెకనుకు దాదాపు 120 కిలోమీటర్లు. సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వచ్చే రాయిలోనే అంతే బరువున్న టీఎన్‌టీ అనే పేలుడు మందులో ఉన్నంత శక్తి ఉంటుంది. వేగం 40 రెట్లయితే శక్తి 1,600 రెట్లు. అంటే బాంబు అక్కర్లేదు, నౌకే బాంబు.

ఖిల్లా వరంగల్‌లో కోట దర్వాజ దగ్గర చూడండి. రోడ్డు నేరుగా లోపలికి పోదు. ఎదురుగా గోడ వస్తుంది, పక్కకు తిరగాలి, మళ్లీ తిరగాలి. ఆటోవాళ్లు హారన్ కొట్టుకుంటూ మెల్లగా పోతారు. తలుపును గుద్దడానికి వచ్చే ఏనుగుకు వేగం దొరకకుండా అట్లా కట్టారు. కానీ ఆ కిటుకు లోపలికి రావాలనుకునే శత్రువు మీదే పనిచేస్తుంది. కాలిస్టోను గెలవాలనుకునేవాడు ఆగాలి, వాడిని కొట్టొచ్చు. నాశనం చేస్తే చాలనుకునేవాడు ఆగడు. వాడికి ఏ మలుపూ అడ్డం కాదు.

నౌక వేడిని దాచలేరు కదా, ముందే కనిపెట్టొచ్చు అంటారు. ఇంజిన్ మండితే కనబడుతుంది, ఒప్పుకుంటా. శూన్యంలో వేడి పోవడానికి కిరణాలు తప్ప వేరే దారి లేదు, చుట్టూ మైనస్ 270 డిగ్రీల చలి కాబట్టి వేడి నౌక ఇట్టే కనబడుతుంది. కానీ దారిలో ఒక బుట్టెడు రాళ్లు వదిలేస్తే? అవి చల్లబడి, ఆ వేగంతోనే చప్పుడు లేకుండా వస్తాయి. అలాంటి నౌకలను నాయకుల చేతికి ఇస్తారా?

కరీంనగర్ పోరగాడు

మరి లేజర్లు పెట్టి రాళ్లను కాల్చలేమా అన్నా?

కాజీపేట జంక్షన్

దూరం పెరిగేకొద్దీ కిరణం వెడల్పయి పలచబడుతుంది తమ్మీ. దగ్గరికి వచ్చాక కాల్చాలి. సెకనుకు 120 కిలోమీటర్లంటే వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఒకటిన్నర సెకను కూడా పట్టదు. ఎంతసేపు కాలుస్తావు?

మట్టికోట

జంక్షన్ అన్న చెప్పింది ఒకే సైన్యానికీ వర్తిస్తుంది. చక్రవర్తి పంపిన సేనాపతి తిరగబడడని గ్యారంటీ ఉందా?

1321లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు ఏమైంది? అది ఢిల్లీ సొంత సైన్యం, సుల్తాన్ కొడుకే సేనాపతి. ఢిల్లీ నుంచి టపా రావడం ఆగిపోయింది, అంతే. సుల్తాన్ చచ్చిపోయాడని పుకారు లేచింది. సర్దార్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు, ఆయన దేవగిరికి వెనక్కి పోవాల్సి వచ్చింది. కోట చెక్కుచెదరలేదు, వార్త రాకపోవడమే ఢిల్లీ సైన్యాన్ని ఓడించింది. సొంత ఊరినుంచి ఏడాది దూరంలో ఉన్న సైన్యం కబుర్ల మీద బతుకుతుంది. అక్కడే పుట్టి పెరిగిన సైన్యానికి ఆ బెంగ ఉండదు.

హన్మకొండ చౌరస్తా

అదే ఉలుగ్ ఖాన్ 1323లో మళ్లీ వచ్చాడు, ఐదు నెలల ముట్టడి తర్వాత కోట పడింది. ఆ సగం ఎందుకు చెప్పవన్నా? కేంద్రం ఉన్న రాజ్యం ఓడినా మళ్లీ కూడగట్టుకుని రాగలదు.

మత్తడి

మీరిద్దరూ కత్తి ఎవరి చేతిలో ఉండాలనే కొట్లాడుతున్నారు. నీళ్ల సంగతి అడగరేం? కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువు నిండుతుంది. పై తూము ఎవరి చేతిలో ఉంటే కింది ఊరు వాళ్ల మాట వింటుంది. నౌకలు నాయకులకే ఇవ్వండి, ఇంధనం తూము చక్రవర్తి దగ్గర పెట్టండి. నాకు ఇంతకన్నా మంచి దారి కనబడలేదు.

హన్మకొండ చౌరస్తా

అక్కా, ట్రైటన్ నిండా మంచే. నీళ్లను విడగొడితే హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. వాడి చెరువు వాడికే ఉంది, మన తూముతో పనేంటి?

మత్తడి

విడగొట్టడానికి కరెంటు ఎక్కడిది? నెప్ట్యూన్ దగ్గర ఎండ మన ఎండలో 900వ వంతు. సోలార్ పలకలతో కాలిస్టో దగ్గరే కష్టం, అక్కడ అసలు కాదు. రియాక్టర్ కావాలి, దానికి యురేనియం కావాలి. మంచు లోకాల్లో పైన దొరికేది మంచు, బరువైన లోహాలు కాదు. యురేనియం లోపలి గ్రహాల నుంచి కాలిస్టో మీదుగానే పోవాలి.

కాజీపేట జంక్షన్

అక్క మాట బాగుంది, కానీ ఒక చిక్కు. అమెరికా వర్జీనియా తరగతి జలాంతర్గాములకు ఒకసారి ఇంధనం పెడితే 33 ఏళ్లు మళ్లీ పెట్టనక్కర్లేదు. ఆ రకం రియాక్టర్ ఇస్తే నాయకుడు తిరగబడి, రాజ్యమేలి, కొడుక్కి పట్టం కట్టేదాకా తూము దగ్గరికి రాడు.

మత్తడి

అట్లయితే ఆ రకం ఇవ్వొద్దు. తక్కువ శుద్ధి చేసిన యురేనియం వాడే ఫ్రెంచ్ జలాంతర్గాములకు దాదాపు పదేళ్లకోసారి మార్చాలి. అదే ఇద్దాం. ఇంధనం కాలిస్టోలోనే మార్చాలని చట్టం. రానుపోను రెండేళ్లు కాబట్టి నౌకలు వంతులవారీగా రావాలి. ఎవరి వంతు తప్పినా రాజధానికి ముందే తెలుస్తుంది.

మట్టికోట

నాకు సమ్మతమే. చౌరస్తా తమ్ముడికి ఇంకా కోపం ఉన్నట్టుంది.

హన్మకొండ చౌరస్తా

కోపం కాదన్నా. పదేళ్ల ఇంధనాన్ని పొదుపుగా వాడితే ఇరవై ఏళ్లు లాగొచ్చు, నౌకను కదపకుండా నిలబెడితే ఇంకా ఎక్కువ. మీరు పెట్టిన కట్టడి తిరిగే నౌకకే, నిలబడి కాచుకునే నౌకకు కాదు.

కరీంనగర్ పోరగాడు

అయితే మూడో భాగంలో ట్రైటన్ నాయకురాలు వంతు ఎగ్గొడుతుంది. నౌకలో జబ్బు వచ్చిందని కబురు పంపుతుంది, రాజధాని నమ్మాలా వద్దా తేల్చుకోలేక ఏడాది పోగొట్టుకుంటుంది. ఆ అధ్యాయం నేను రాస్తా, ఆదివారం దాకా ఎవరూ ముట్టుకోవద్దు.