మధుమేహమున్న పిల్లలకు తరగతిలో ధ్యాస ఎందుకు తప్పుతుంది?

ప్రశ్న (నాలుగో తరగతి బాబు తల్లి):
మా బాబుకు టైప్ 1 మధుమేహం ఉందని తెలిసి రెండేళ్లయింది. ఉదయం చక్కగా చదివే పిల్లవాడు, ఆటల పీరియడ్ తర్వాత వచ్చే లెక్కల తరగతిలో మాత్రం పిలిచినా పలకకుండా కూర్చుంటున్నాడని, వచ్చిన ఎక్కాలే తప్పు చెబుతున్నాడని టీచరుగారు అంటున్నారు. ఇది షుగర్ వల్ల జరుగుతోందా, చదువు మీద శ్రద్ధ తగ్గడం వల్లా? నిన్న వాడిని గట్టిగా మందలించాను, అప్పటి నుంచి మనసు కుదుటగా లేదు.

జవాబు 1 (పద్నాలుగేళ్ల అమ్మాయి తండ్రి):
అమ్మా, ముందు ఆ లెక్కల తరగతి వేళకే గ్లూకోమీటరుతో రక్తంలో షుగర్ ఎంతుందో చూపించండి. మెదడు ప్రధానంగా గ్లూకోజ్ మీదే నడుస్తుంది, దాన్ని నిల్వ పెట్టుకునే శక్తి దానికి చాలా తక్కువ. అందుకే రక్తంలో షుగర్ 70 (mg/dL) కంటే దిగితే ధ్యాస నిలవదు, జవాబు ఆలస్యమవుతుంది, 54 కంటే దిగితే పిల్లవాడు అయోమయంలో పడవచ్చు. పరుగులు పెట్టినప్పుడు కండరాలు గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కుంటాయి, సూదితో ఇచ్చిన ఇన్సులిన్ (షుగర్‌ను తగ్గించే మందు) కూడా మరింత చురుకుగా పనిచేస్తుంది కాబట్టి ఆటల తర్వాతి గంట మీద నాకు అనుమానంగా ఉంది. చెమట, వణుకు, ఆకలి కనిపిస్తే గుర్తుపట్టడం సులువు, కానీ మా అమ్మాయికి చాలాసార్లు ఊరకే చిరాకు మాత్రమే వచ్చేది.

ఇంకొక సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. గ్లూకోజ్ తాగించి పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే అంకె బాగానే ఉంటుంది, ఆలోచన మాత్రం తేరుకోవడానికి అరగంటో, ఒక్కోసారి అంతకు మించో పడుతుంది. అంకె సరిపోయింది కదా అని వెంటనే పరీక్షకు కూర్చోబెట్టడం పిల్లలకు అన్యాయం.

జవాబు 2 (ఒక తల్లి):
షుగర్ ఎక్కువైనా ఇబ్బందే. 250 దాటిన రోజుల్లో మా వాడికి దాహం, మాటిమాటికీ మూత్రం, తలనొప్పి. పాఠంలో సగం బయటే గడిచిపోతుంది. రాత్రి షుగర్ పడిపోయి నిద్ర చెడినా మర్నాడు మందకొడిగా ఉంటాడు.

జవాబు 3 (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు):
షుగర్ పడిపోయిందని అనుమానం వస్తే పిల్లవాడిని ఒంటరిగా ఆఫీసు గదికి పంపవద్దని, గ్లూకోజ్ తరగతిలోనే అందుబాటులో ఉంచాలని పాఠశాలకు రాసి ఇవ్వండి. మధుమేహమున్న విద్యార్థులు షుగర్ బిళ్లలు, పండ్లు, మంచినీళ్లు పరీక్ష గదిలోకి తెచ్చుకోవచ్చని సీబీఎస్ఈ 2017లోనే బోర్డు పరీక్షలకు అనుమతి ఇచ్చింది. పరీక్షలకే లేని అభ్యంతరం రోజువారీ తరగతికి ఎందుకుండాలి?

ప్రశ్న అడిగిన తల్లి:
అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు ఆటల తర్వాత టీచరుగారు చూపిస్తే 61 వచ్చింది. ఆటకు ముందు ఎంత తినిపించాలో, ఇన్సులిన్ మోతాదు మార్చాలో లేదో డాక్టరుగారిని అడగడానికి రేపు వెళ్తున్నాం. నిన్న తిట్టినందుకు వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని క్షమించమని అడిగాను.