బడి తెరవడానికి ఎన్ని రోజుల ముందు అమెరికా చేరాలి: నాలుగా, పద్నాలుగా?

పెరుగన్నం (చర్చ మొదలుపెట్టినవారు)

ఏటా జులై సగం గడిచేసరికి ఇదే పంచాయితీ. ఈసారి గాల్లో మాట్లాడుకోకుండా ఒక ఇంటిని ఎదురుగా పెట్టుకుందాం. కాపురం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. తల్లి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యాపిల్లలకిచ్చే వీసా) మీద ఉంది. పెద్దమ్మాయి రెండో తరగతికి, చిన్నవాడు కొత్తగా కిండర్‌గార్టెన్‌కు. జూన్ మొదట్లో గుంటూరు వెళ్లారు. భర్త ప్రాజెక్టు వేరే రాష్ట్రంలో, శనాదివారాలకే ఇంటికొస్తాడు. వీళ్లు లేరు కదా అని ఈ ఏడు వారాలూ అదీ రాలేదు, ఇల్లు తాళం వేసే ఉంది. దిగాక సర్దుకోవడమంతా ఆవిడ ఒక్కదాని మీదే. బడి ఆగస్టు రెండో వారంలో. ఆగస్టు నాలుగో సోమవారం కంటే ముందు తెరవకూడదని టెక్సస్ చట్టంలో ఉంది గానీ, 2015లో వచ్చిన మినహాయింపు వాడుకుని చాలా జిల్లాలు ముందే తెరుస్తున్నాయి.

టికెట్ ఏ రోజుకు కొనాలి? సొంత కథలొద్దు, లెక్కలు చెప్పండి.

లెక్కల మాస్టారు

నాలుగు తక్కువ, పద్నాలుగు ఎక్కువ. వేసవిలో డాలస్ ఇండియా కంటే పదిన్నర గంటలు వెనక. పడమటికి వచ్చినప్పుడు ఒంట్లోని గడియారం రోజుకు సుమారు గంటన్నర సర్దుకుంటుంది. తూర్పుకైతే గంటే, అందుకే ఇండియాలో దిగినప్పుడు ఇంకా కష్టం. పదిన్నరను ఒకటిన్నరతో భాగిస్తే ఏడు. ప్రయాణ బడలికకు ఒక రోజు కలపండి, ఎనిమిది. అంతకుమించి ముందొస్తే అమ్మమ్మ దగ్గర గడిపే వారాన్ని డాలస్ ఎండలో నాలుగు గోడల మధ్య ఖర్చుపెట్టినట్టే.

కొత్తిమీరకట్ట

మాస్టారూ, మీ లెక్క నిద్రకు సరిపోతుంది, ఇంటికి సరిపోదు. ఒక్క మనిషి ఇద్దరు పిల్లలతో దిగితే మొదటి మూడు రోజులు ఏ పనీ కాదు. ఎందుకో చూడండి. రాత్రి ఒంటిగంటకు పిల్లలు లేచి కూర్చుంటారు, ఎందుకంటే అప్పుడు గుంటూరులో పొద్దున పదకొండున్నర, అన్నం వేళ. మధ్యాహ్నం రెండు అంటే అక్కడ అర్ధరాత్రి దాటి అరగంట, అప్పుడు సోఫా మీద వాలిపోతారు. తల్లికి దొరికేది విడివిడిగా రెండేసి గంటలు. అందులో టీకాల చీటీ, బడి రిజిస్ట్రేషన్, కారు, సరుకులు. పద్నాలుగు రోజులు అడిగేది నిద్ర కోసం కాదు, ఈ పనుల కోసం. పనులన్నీ పొద్దున తొమ్మిదికీ సాయంత్రం అయిదుకీ మధ్య మాత్రమే జరిగేవి కదా!

ఎడిసన్ ఎల్లిపాయ

మా న్యూజెర్సీల చాలా బళ్లు సెప్టెంబర్ మొదట్ల వచ్చే లేబర్ డే దాటినంకనే తెరుస్తరు, గందుకే ఈ లొల్లి మాకు తక్కువ. అయినా నా ఓటు నాలుగుకే. బడికి పోవుడే అసలు మందు. పొద్దుగాల ఎలుతురు, ఆట, టైముకు తిండి, అన్నీ ఆడనే దొరుకుతయ్. దిగిన నాలుగో రోజుకు పోరగాళ్లు తెల్లారగట్ల నాలుగున్నరకే లేస్తరు, బడికి లేపే తిప్పలే ఉండది. ఇంట్ల పద్నాలుగు రోజులు కూసోబెడితే పగలు పండుడు అలవాటైతది.

రాత్రిడ్యూటీ

వెలుతురు అన్నారు కాబట్టి అక్కడే ఒక పొరపాటు సరిచేయాలి. అందరూ ఇచ్చే సలహా ఒకటే: దిగిన రోజు సాయంత్రం పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లి ఎండ తగలనివ్వండి. చాలామందికి అది ఎదురు తిరుగుతుంది.

ఒంటి వేడి అన్నిటికంటే తగ్గే గడియ ఒకటుంది, మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు. ఆ గడియకు ముందు వెలుతురు పడితే గడియారం వెనక్కి జరుగుతుంది, తర్వాత పడితే ముందుకు జరుగుతుంది. మనకు కావాల్సింది వెనక్కి జరగడం. గుంటూరులో ఏడింటికి లేచే పిల్లకు ఆ గడియ తెల్లవారుజామున నాలుగు, అంటే డాలస్‌లో ముందురోజు సాయంత్రం అయిదున్నర. కాబట్టి మొదటి రోజు మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా వెలుతురు మేలు చేస్తుంది, ఆరు తర్వాత పార్కు చెడగొడుతుంది. ఆగస్టులో అక్కడ ఎనిమిది దాటాక గానీ పొద్దు గుంకదు కనుక ఆరింటికే కర్టెన్లు వేసేయాలి. ఆ గడియ రోజుకు గంటన్నర జరుగుతుంది కనుక రెండో రోజు ఏడు దాకా, మూడో రోజు ఎనిమిదిన్నర దాకా వెలుతురు మంచిదే. అప్పుడిక పార్కుకు నిశ్చింతగా వెళ్లొచ్చు.

మధ్యాహ్నం 38 డిగ్రీల ఎండలో బయట ఆడించక్కర్లేదు. పెద్ద కిటికీ పక్కన కూర్చోబెట్టినా గదిలో దీపం కంటే చాలా రెట్లు వెలుతురు.

ఇంకో సంగతి. అమ్మమ్మ ఇంట్లో పన్నెండు దాకా మేలుకుని తొమ్మిదింటికి లేచిన పిల్లలకు ఆ గడియ ఆరింటికి ఉంటుంది, అంటే డాలస్ సాయంత్రం ఏడున్నర. గారాబం అని తిట్టుకునే ఆ అలవాటే ఇక్కడ రెండు గంటల లాభం.

కొత్తిమీరకట్ట

ఇది తెలియక ఎంతమంది ఊరికే కష్టపడుతున్నారో! మరి రాత్రి ఒంటిగంట మెలకువకు ఏం చేయాలి, నిద్ర పట్టడానికిచ్చే మెలటోనిన్ గమ్మీయా (నమిలే బిళ్ల)?

రాత్రిడ్యూటీ

ముందు తిండి. నాలుగు ముద్దలు పెరుగన్నం పెట్టి, చిన్న దీపం ఒక్కటే ఉంచి, టీవీ, ఫోను లేకుండా మళ్లీ పడుకోబెట్టడం. అన్నం పెట్టకపోతే నిద్రపోరు, పూర్తి భోజనం పెడితే ఒళ్లు దాన్నే పగలనుకుంటుంది. పగటి కునుకు 45 నిమిషాలు మించనివ్వకండి, మూడున్నర తర్వాత అసలొద్దు.

గమ్మీల సంగతి: అమెరికాలో అది మందుగా కాదు, సప్లిమెంట్‌గా అమ్ముతారు. 2023లో 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్ మీద ఉన్నదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు, ఒకదాంట్లో మూడింతలు దాటి ఉంది. పిల్లల డాక్టర్ని అడిగాకే.

టీకాలచీటీ

నిద్ర గురించి ఇంత చర్చ దండగ. ఈ ఇంట్లో టికెట్ తేదీని నిర్ణయించేది చిన్నవాడి టీకాలు. టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌కు కావాల్సినవి: డీటాప్ (కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు టీకా) అయిదు (నాలుగో పుట్టినరోజు తర్వాత ఒకటి పడి ఉంటే నాలుగు), పోలియో నాలుగు (అదే షరతు మీద మూడు), ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు, వారిసెల్లా, అదే ఆటలమ్మ టీకా, రెండు, హెపటైటిస్-బి మూడు, హెపటైటిస్-ఎ రెండు.

ఇండియా చీటీ తెస్తే నర్సు దగ్గర ఆగిపోయేవి మూడు. ఒకటి, ప్రభుత్వ ఆసుపత్రిలో వేసేది ఎమ్మార్, అందులో గవదబిళ్లల టీకా లేదు. పైగా తొమ్మిదో నెలలో వేసిన డోసు లెక్కలోకి రాదు, మొదటి పుట్టినరోజు తర్వాతదే చెల్లుతుంది. రెండు, పల్స్ పోలియో చుక్కలు. 2016 ఏప్రిల్ నుంచి వేసే చుక్కల్లో రెండు రకాల వైరస్‌కే రక్షణ ఉంది కాబట్టి వాటిని ఇక్కడ లెక్కపెట్టరు, ఇంజెక్షనే కావాలి. మూడు, వారిసెల్లా ప్రభుత్వ జాబితాలో లేదు, ప్రైవేటులో వేయించిన వాళ్లకే ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 28 రోజుల నిబంధన. బతికున్న వైరస్‌తో చేసే రెండు ఇంజెక్షన్ టీకాలు ఒకే రోజు వేయకపోతే మధ్యలో 28 రోజులు ఆగాలి. జులై చివర్లో గుంటూరులో ఎవరో మంచి మనసుతో ఎమ్మార్ వేయించారనుకోండి, డాలస్‌లో ఎమ్మెమ్మార్, వారిసెల్లా ఆగస్టు చివరిదాకా వేయరు. అప్పుడు పద్నాలుగు రోజుల ముందొచ్చినా ఒకటే, నాలుగు రోజుల ముందొచ్చినా ఒకటే. కనీస డోసులుండి వరుసలో ఉన్నవాళ్లను తాత్కాలికంగా చేర్చుకుంటారు గానీ అది నర్సు చీటీ చూశాక తేల్చే విషయం.

చీటీలో తేదీ, నెల, సంవత్సరం మూడూ ఉండాలి, డాక్టరు సంతకమో ముద్రో ఉండాలి.

లెక్కల మాస్టారు

అయితే ఇది టికెట్ సమస్య కాదు, మే నెల సమస్య. నాలుగు నిండిన పిల్లాడికి మే నెలలోనే ఇక్కడి డాక్టరు దగ్గర అన్నీ వేయించి, కాగితం బడికి అప్‌లోడ్ చేసి విమానం ఎక్కితే ఈ గొడవే లేదు. రిజిస్ట్రేషన్ కూడా ఆన్‌లైనే. ఇంటి లీజు, కరెంటు బిల్లు ఫోన్లో ఉంచుకుంటే గుంటూరు నుంచే పూర్తవుతుంది. మళ్లీ ఎనిమిదికే వచ్చాం.

ఎడిసన్ ఎల్లిపాయ

రిజిస్ట్రేషన్ల ‘ఇంట్ల ఏం భాష మాట్లాడుతరు’ అని అడుగుతరు కదా, దానికి ఏం రాయాలె? తెలుగు అని రాస్తే పిలగాన్ని వేరే తరగతిల ఏస్తరని కొందరు ఇంగ్లిష్ అని రాస్తున్నరు.

టీకాలచీటీ

నిజమే రాయాలి. తెలుగు అని రాస్తే టెక్సస్‌లో నాలుగు వారాల లోపు ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. వెనకబడ్డాడని తేలితే అదనపు సాయం ఇస్తామంటారు, తల్లిదండ్రులు వద్దనొచ్చు. రెండు నెలలు గుంటూరులో గలగలా తెలుగు మాట్లాడి వచ్చినవాడు మొదటి వారం పరీక్షలో నోరు విప్పకపోవచ్చు, అందులో భయపడాల్సిందేం లేదు. కానీ పొరపాటున రాస్తే దిద్దుకునే గడువు చిన్నది: చేరిన రెండు వారాల్లోపు, అదీ పరీక్ష పెట్టకముందే.

గడపదాటని గంగ

అందరూ పిల్లల గురించే చెప్తున్నారు, తల్లి సంగతి? ఈవిడ బండి నడపలేకపోతే మొదటి రోజే అయిపోయింది. ఇంటికి బడి రెండు మైళ్లలోపు ఉంటే మామూలుగా బస్సు ఇవ్వరు.

హెచ్-4 వాళ్లకు టెక్సస్ లైసెన్స్ వీసా కాగితాల గడువు దాకానే ఇస్తారు. ఊళ్లో ఉండగా అది అయిపోయిందేమో చూసుకోవాలి. లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసు అపాయింట్‌మెంట్లు అనుకున్నంత త్వరగా దొరకవు, ఆన్‌లైన్లో గుంటూరు నుంచే పట్టుకోవాలి.

రెండోది ఐ-94, అంటే అమెరికాలో ఏ తేదీ దాకా ఉండొచ్చో చెప్పే రికార్డు. దిగిన మరుసటి రోజే ముగ్గురివీ సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) సైట్ నుంచి దించుకుని తేదీలు చూడాలి. చాలామంది తల్లిది మాత్రమే చూసి వదిలేస్తారు. పిల్లవాడి పాస్‌పోర్టు వీసా అనుమతి కంటే ముందే ముగిసేదైతే ఐ-94 పాస్‌పోర్టు తేదీకే ఆపేస్తారు. చిన్నపిల్లల భారతీయ పాస్‌పోర్టు అయిదేళ్లకే కదా, ఇది తరచూ జరిగేదే. అధికారి తప్పు రాస్తే డాలస్ (డీఎఫ్‌డబ్ల్యూ) ఎయిర్‌పోర్టులో దిద్దించుకునే ఆఫీసుంది. పాస్‌పోర్టు వల్ల తగ్గితే మాత్రం గడువు లోపలే పొడిగింపు అడగాలి. అమెరికాలోనే పుట్టిన పిల్లలకైతే ఈ బాధ లేదు.

వీసా స్టాంపింగ్ (ఊళ్లో ఉండగా పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడం) ఉన్నవాళ్లు ఈ చర్చ పక్కన పెట్టండి. 2025 సెప్టెంబరు 2 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకూ ఇంటర్వ్యూ మినహాయింపు తీసేశారు. పాస్‌పోర్టు చేతికి వచ్చాకే టికెట్.

పాతకారు

ఇల్లు ఏడు వారాలు మూసి ఉంటే మొదటి గంటలో చేయాల్సినవి, ఈ వరుసలోనే చేయండి.

తలుపు తీయగానే మురుగు వాసన వస్తే కంగారు పడొద్దు. సింకు, షవరు కింద వంపు గొట్టంలో నిలిచే నీళ్లు ఎండిపోయి గాలి పైకి వస్తోంది. ప్రతి తూములోనూ ఒక చెంబెడు నీళ్లు పోయండి, వాడని బాత్రూంలో కూడా. తర్వాత అన్ని కుళాయిలూ, వేడివీ చల్లవీ, అయిదు నిమిషాలు వదలండి. ఫ్రిజ్‌లో పాత ఐసు పారేయండి. ఏసీ ఫిల్టర్ మార్చండి. వెళ్లేటప్పుడే ఏసీ ఆపకుండా 80 ఫారెన్‌హీట్ మీద ఉంచాలి, పూర్తిగా ఆపితే తేమ పట్టి అల్మరాల్లో బూజు, చెక్క తలుపులు ఉబ్బడం.

కారు బ్యాటరీ ఏడు వారాలకు దాదాపు చచ్చినట్టే. వెళ్లేముందు నెగటివ్ తీగను పది మిల్లీమీటర్ల స్పానర్‌తో విప్పి ఉంచితే బతుకుతుంది. విప్పలేదా, జంప్ స్టార్టర్ ఒకటి ఇంట్లో ఛార్జి చేసి పెట్టుకోండి, కారులో కాదు, టెక్సస్ ఎండకు పాడవుతుంది. పోస్టాఫీసు ఉత్తరాలు ఆపేది 30 రోజులే, ఏడు వారాలకు అది చాలదు.

కొత్తిమీరకట్ట

ఇవన్నీ కలిపి ఒక పూట అంటారా పాతకారు గారూ, ఇద్దరు పిల్లలు కాళ్లకు అడ్డం పడుతూ ఉంటే? సరే, నేను పద్నాలుగు నుంచి పదికి దిగుతాను. అంతకంటే దిగను. ఎందుకంటే జ్వరం సంగతి ఎవరూ చెప్పలేదు.

రాత్రిడ్యూటీ

అది న్యాయమైన మాట. డెంగీ దోమ కుట్టిన మూడు నుంచి పద్నాలుగు రోజుల్లో బయటపడుతుంది, టైఫాయిడ్ ఒక్కోసారి నెలకు. అంటే పది రోజుల ముందొచ్చినా బడి మొదలయ్యాకే రావచ్చు. జ్వరం వస్తే డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేసి మొదటి మాటగా ‘ఇండియా నుంచి ఫలానా తేదీన వచ్చాం’ అని చెప్పాలి. చెప్పకపోతే మామూలు వైరల్ అనుకుంటారు. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదు, రక్తస్రావం భయం.

సూట్‌కేసులో తెచ్చిన పారాసిటమాల్ సిరప్‌తో జాగ్రత్త. మన సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 250 ఉండొచ్చు. ఇక్కడి పిల్లల టైలనాల్‌లో 160. ఒక సీసా మూతతో ఇంకో సీసా మందు కొలిస్తే డోసు తప్పుతుంది. సీసాలు రెండూ వాడొద్దు, ఒక్కటే ఉంచుకోండి.

ఎడిసన్ ఎల్లిపాయ

సరే, మీరు పది, మాస్టారు ఎనిమిది, నేను నాలుగు కాకపోతే ఆరు. బడికి కట్టే అన్నం డబ్బా సంగతి ఎవరన్నా చెప్పున్రి. తిన్నది అరగక, అలవాటు తప్పి, మొదటి వారం డబ్బా అట్లనే వాపస్ వస్తది.

గడపదాటని గంగ

థర్మాస్‌లో మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, అప్పుడు పొగలు కక్కే అన్నం పెట్టాలి. చల్లటి థర్మాస్‌లో పెడితే పదకొండుకే గోరువెచ్చన అయిపోతుంది. పెరుగన్నం అయితే ఎదురు పని, థర్మాస్ ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి, పక్కన ఐస్ ప్యాక్. పులిహోరలో పల్లీలు, ఇడ్లీకి పల్లీపొడి వద్దు, గింజలు నిషేధించిన తరగతులుంటాయి. టీచరు ఉత్తరం చూసి పోపు పెట్టుకోండి. కిండర్‌గార్టెన్ వాడు మూత తనే తీయగలడా అన్నది ఇంట్లో రెండుసార్లు తీయించి చూడండి, తీయలేకే చాలా డబ్బాలు నిండుగా వెనక్కి వస్తాయి.

పెరుగన్నం

గంగగారూ, కరివేపాకు తెచ్చుకోవచ్చా అని పక్క చర్చలో ఎవరో అడుగుతున్నారు.

గడపదాటని గంగ

తాజాది కుదరదు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది, కస్టమ్స్‌లో తీసేస్తారు. మామిడిపళ్లూ అంతే. ఆవకాయ, పొడులు తెచ్చుకోవచ్చు, కానీ తిండి ఉందా అన్న ప్రశ్నకు ఉందనే చెప్పాలి. దాచి దొరికితే జరిమానా, పైగా ఇద్దరు నిద్రమొహం పిల్లలతో ఆ వరుసలో ఇంకో గంట.