మా వాడిని ఎక్కడ ఆడించాలి?

నమస్తే అండీ, మాది హైదరాబాద్‌లో బోరబండ. మా బాబుకి 11 ఏళ్లు, బరువు 58 కిలోలు. స్కూల్ ప్యాంటు గుండీ ఈ ఏడాది మూడోసారి తెగింది. డాక్టరు గారు రోజూ గంటసేపు ఆడించమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలంటోంది. సరే, ఎక్కడ ఆడించను? గల్లీ నిండా బైకులే. ఉన్న ఒక్క ఖాళీ జాగాకి తాళం. దగ్గర్లోని చిన్న పార్కులో బంతి తీయగానే వాచ్‌మన్ ఈల వేస్తాడు. టర్ఫ్‌కి (అద్దెకిచ్చే ఆట మైదానానికి) రోజూ డబ్బులు కట్టే స్తోమత లేదు. (తిండి సంగతంటారా, అది మా అత్తగారితో వేరే యుద్ధం.)

యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో సాయంత్రం పిల్లల్ని బంతాట ఆడనిస్తారా? లావుగా ఉన్నాడని వెక్కిరించకుండా వాడిని కలుపుకునే పిల్లల బ్యాచ్ ఇటువైపు ఏదైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.